నిలిచి ఉన్నవాళ్లను చూసి

ముంబై రహదారి మీద రామచంద్రాపురం దాటాక పటాన్‌చెరు, ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, ఆపైన సంగారెడ్డి. ఈ దారిలో ఆదివారం కూడా కంపెనీ బస్సులు తిరుగుతూనే ఉంటాయి. బాయిలరుకు సెలవుండదు కనుక దాని దగ్గర నిలబడే మనిషికీ ఉండదు. రాత్రి షిఫ్టు దిగి, గదికి పోయి స్నానం చేసి, నిద్ర మానుకొని ప్రార్థనకు వెళ్లేవాళ్లు ఈ ఊళ్లలో ఉన్నారు. పాత మిషన్ కాలపు చర్చిలతో పాటు దుకాణాల పై అంతస్తుల్లో, రేకుల షెడ్లలో, అద్దె ఇళ్ల ముందు గదుల్లో కూడుకునే సంఘాలూ ఉన్నాయి. ఒక వీధిలో పాట తెలుగులో వినిపిస్తే పక్క వీధిలో హిందీలో వినిపిస్తుంది.

అలాంటి కూడికల్లో తలుపు దగ్గర కూర్చునే మనిషి ఒకరుంటారు. భార్య బలవంతం మీదో, అక్క మాట కాదనలేకో వచ్చి ఉంటాడు. పాట పాడడు. కళ్లు మూసుకోడు. కానుకల సంచి ముందుకు వచ్చినప్పుడు దాన్నీ, దాన్ని పట్టుకున్న చేతినీ పరీక్షగా చూస్తాడు. పాస్టరయ్య చెప్పేదంతా వింటాడు, ఏదీ ఒప్పుకోడు. వచ్చే వారం మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటాడు. సాక్ష్యాలు చెప్పే వేళ ఇలాంటి మనిషి ఊసు ఎత్తేవాళ్లు అరుదు. నమ్మిన తర్వాతి సంగతులే కథలవుతాయి గాని, నమ్మకం ఇంకా కుదరని ఆ నెలలూ ఏళ్లూ లెక్కలోకి రావు. నిజానికి విశ్వాసంలోకి వచ్చిన ఎంతోమంది చాలాకాలం ఉన్నది ఆ తలుపు దగ్గరే. అక్కడినుంచి లోపలికి ఒక మనిషి ఎలా నడుస్తాడు, ఎవరిని చూసి నడుస్తాడు అన్నది మతాలకు అతీతంగా అందరూ ఆలోచించవలసిన సంగతి.

ఈ ప్రాంతంలో సందేహానికి లోతైన వేళ్లున్నాయి. "ఊకనే ఎవరినీ నమ్మొద్దు" అని పెద్దవాళ్లు పిల్లలకు చెప్పే మాట వెనుక అర్ధశతాబ్దపు అనుభవం ఉంది. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పరిశ్రమలు పెరిగాయి. బతుకు మారుతుందన్న ఆశ వాటితో పాటే వచ్చింది. కొన్నేళ్లకే నక్కవాగు నీళ్లు రంగు మారాయి, బావులు చెడ్డాయి, పంటలు పోయాయి. రైతులు, వారికి అండగా నిలిచిన డాక్టర్ కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తర్వాత వ్యర్థజలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం వచ్చింది. అక్కడ శుద్ధి అయి బయటికి వచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించి ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. శుద్ధి అన్న మాట చెవిన పడుతుండగానే ఆ నీళ్ల వాసన పీల్చినవాళ్లకు మాట మీద గురి ఎట్లా కుదురుతుంది?

పెద్ద సంగతులే ఎందుకు, కార్మికుడి రోజువారీ బతుకు కూడా ఇదే పాఠం చెబుతుంది. జీతంలో కోసిన పీఎఫ్ ఖాతాలో పడదు. పర్మినెంటు చేస్తామన్న కాంట్రాక్టరు ఏడాది తిరిగేసరికి కనిపించడు. చిట్టీ నడిపినాయన రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేస్తాడు. ఇలా మాట మీద దెబ్బతిన్న మనిషి దగ్గరికి ఒకరు దేవుడి పేరుతో వస్తే, అతను ముందుగా అడిగేది త్రిత్వం గురించీ కాదు, సృష్టి గురించీ కాదు. "ఇందుల నీకేమొస్తది?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను నాస్తికత్వమని కొట్టిపారేయడం అన్యాయం. అది బతుకు నేర్పిన జాగ్రత్త. దానికి జవాబు వాక్యాల్లో దొరకదు. చెప్పే మనిషి నడవడిలో వెదుక్కోవాలి, అందుకు కాలం పడుతుంది.

తెలుగు నేల మీద క్రైస్తవానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. బియ్యం కోసం, గుడ్డ కోసం మతం మారారన్న మాట నూటయాభై ఏళ్లుగా వినిపిస్తూనే ఉంది. 1876–78 నాటి మహా కరువులో ఆ అనుమానం ఒక మిషనరీ మనసులోనే మెదిలింది. ఒంగోలులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు జాన్ క్లౌ సర్వే పని తెలిసినవాడు. ఆకలితో అల్లాడుతున్న జనానికి పని చూపించడానికి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకున్నాడు. వేలమంది అక్కడికి చేరారు. మిషన్‌లోని తెలుగు బోధకులే పని చూసే మేస్త్రీలయ్యారు. విశ్రాంతి వేళ వాళ్లు కూలీలతో కూర్చుని మాట్లాడేవారు. బాప్తిస్మం కావాలని అడిగినవాళ్లు ఎందరో. క్లౌ ఒప్పుకోలేదు. ఆకలి ఏది, విశ్వాసం ఏది అని తేల్చలేని స్థితిలో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. ఆ నిరాకరణ దాదాపు పదిహేను నెలలు సాగింది.

1878 నడిమికి కరువు సడలింది. ఇక మీకు ఇవ్వడానికి మా దగ్గర సాయం లేదని క్లౌ జనంతో తెగేసి చెప్పాడు. సాయం అడగడానికి రాలేదని వాళ్లు బదులిచ్చి అక్కడే ఉండిపోయారు. ఆ ఏడు జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను ఘనతగా చెప్పుకోవడం పరిపాటి. మా దృష్టిలో దానికంటే విలువైనవి ఆ పదిహేను నెలలు. అక్కడ సందేహించినవాడు మత బోధకుడు, నమ్మించవలసి వచ్చింది పేదవాళ్లకు. తిండి గింజలు అయిపోయాక కూడా కదలకుండా నిలబడి వాళ్లు ఆ సందేహాన్ని తీర్చారు. తన మతంలోకి వస్తామన్నవాళ్లను ఆపి, కాలం పరీక్ష పెట్టగలిగిన ఆ ఓపికను నేటి ప్రచారకులు గుర్తుచేసుకోవాలి.

ఆ జనంలో అత్యధికులు మాదిగలు. వాళ్ల నమ్మకానికి దారి తీసినవాడూ వాళ్లలో ఒకడే. యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి. అంతకుముందే యోగమార్గంలో గురువుల వెంట తిరిగి, సత్యం ఎక్కడుందో అని వెదుక్కున్న మనిషి. 1866లో బాప్తిస్మం పొందాక తనవాళ్ల మధ్యకే తిరిగి వెళ్లి చెప్పాడు. నమ్మినవాళ్లు ఊరి దేవత కొలువుల్లో డప్పు కొట్టడం మానారు, చచ్చిన పశువు మాంసం మానారు, ఆదివారం పని మానారు. దానికి ఊళ్లో పెద్దకులాల కోపాన్ని భరించారు. లాభం కోసం మారినవాళ్లు దెబ్బలకు నిలబడరు. ఆ నిలకడను చూసే పక్క పల్లెల్లో నమ్మకం పుట్టింది. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన పుస్తకంలో ఈ మాదిగ కుటుంబాల కథలున్నాయి. ఆ పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టే పని ఉంది. తెలుగు క్రైస్తవ చరిత్ర రాజమందిరాల్లో మొదలు కాలేదు. చెమటోడ్చే చేతుల మధ్య మొదలైంది.

ఇక మన ఇంటి గడపలోనే ఉన్నది మెదక్ కథ. 2016 అక్టోబరు దాకా సంగారెడ్డే మెదక్ జిల్లాకు కేంద్రం. ఈ ప్రాంతంలో చర్చి అనగానే ముందుగా గుర్తొచ్చేదీ మెదక్ గుడే. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లండు మెథడిస్టు 1895లో సికింద్రాబాదు వచ్చాడు. మొదట తిరుమలగిరిలో తెల్ల సైనికులకు బోధించేవాడు. ఆ పని అతనికి తృప్తినివ్వలేదు. పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. 1914లో మొదలైన గుడి పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం, అయిదు వేలమంది కూర్చోగల వైశాల్యం. ఈ కొలతలు చూడడానికి జనం వస్తారు. కానీ ఇక్కడి ఇళ్లలో తాతల నుంచి మనవలకు చేరిన జ్ఞాపకం మాత్రం వేరు. కరువు రోజుల్లో పోస్నెట్ పని చూపించి తిండి పెట్టాడన్నదే ఆ జ్ఞాపకం. చేయి చాచి తెచ్చుకున్న ముద్దకూ, రాయి మోసి సంపాదించిన ముద్దకూ తేడా ఏమిటో పటాన్‌చెరు అడ్డా మీద నిలబడే కూలీకి ఒకరు వివరించనక్కరలేదు. తలదించుకోకుండా ఇంటికి పోగలగడం ఆకలి తీరడంతో సమానమైన అవసరం. ఆ సంగతి ఎరిగిన మనిషి మాటను వినాలనిపిస్తుంది.

ఇదే కాలంలో నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం వైద్యశాల వెలిసింది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండు డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ దాన్ని నడిపారు. 1915లో దానికి పెద్ద విరాళం ఇచ్చినవారు రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, హిందువుగానే ఉన్నారు. ఊరవతలికి నెట్టేసిన మనుషుల పుండ్లు కడుగుతున్న చేతులను చూసి ఆయనకు నమ్మకం కుదిరింది. విశ్వాసం మారడం వేరు, నమ్మకం కుదరడం వేరు. రెండోది జరిగిన చోట మొదటిది జరగకపోయినా ఆ నేల మీద మంచి పెరుగుతుంది. నమ్మకాన్ని బాప్తిస్మాల లెక్కతోనే కొలిచేవాళ్లు నర్సాగౌడ్ వంటి మనిషిని ఏ ఖాతాలో రాసుకోవాలో తెలియక తికమకపడతారు.

చదువుకున్నవాళ్ల సందేహం మరో తీరుగా ఉంటుంది. ఈ దారిలోనే బీహెచ్ఈఎల్ ఉంది. 1972లో వచ్చిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. కంది దగ్గర ఐఐటీ ఉంది. కొలిచి, తూచి, మళ్లీ మళ్లీ పరీక్షించి గాని ఏదీ ఒప్పుకోని శిక్షణ పొందినవాళ్లు వేలల్లో ఇక్కడ బతుకుతున్నారు. కొలతకు అందని దాన్ని నమ్మడం చదువుకు ద్రోహం కాదా అన్నది వాళ్ల ప్రశ్న. దీనికి సమాధానంగా పుస్తకాలు చాలానే వచ్చాయి. వాటికంటే దగ్గరగా హైదరాబాదులో యాభై ఏళ్లు బతికి, 2000 సెప్టెంబరు 17న కన్నుమూసిన ఒక మనిషి జీవితమే ఉంది.

భక్త్‌సింగ్ 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో బహుమతిగా వచ్చిన బైబిలును చించేశాడు. అట్ట మాత్రం బాగుందని దాచుకున్నాడు. ఇంజినీరింగు చదవడానికి ఇంగ్లండు వెళ్లాడు. 1928లో కెనడా వెళ్తుంటే ఓడలో జరిగిన ఆరాధనకు మర్యాద కోసం హాజరయ్యాడు. అందరూ మోకరించినప్పుడు తన జాతి, తన చదువు, తన గర్వం అడ్డుపడ్డా, చివరికి తానూ మోకరించాడు. అక్కడ ఏదో కదిలిందని తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. కానీ అంతటితో నమ్మకం కుదిరిపోలేదు. 1929లో విన్నిపెగ్‌లో ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తెచ్చుకున్నాడు. ఒకప్పుడు చించేసిన పుస్తకాన్ని ఇప్పుడు తానే కూర్చుని చదివాడు. ఆ ఏడాది చివరికి క్రీస్తును తనవాడిగా ఒప్పుకున్నాడు. బాప్తిస్మం పొందింది మాత్రం 1932 ఫిబ్రవరిలో, వాంకూవర్‌లో. అంటే ఓడ మీది ఆ గడియకూ నీళ్లలో దిగడానికీ నడుమ సంవత్సరాలు గడిచాయి.

ఆయనను వాదంలో ఎవరూ ఓడించలేదు. పరాయి దేశంలో ఆదరించి ఇంట్లో చోటిచ్చిన స్నేహితులున్నారు, తొందరపెట్టకుండా చేతికి వచ్చిన పుస్తకం ఉంది, చదువుకోవడానికి తీరిక దొరికింది. తీరని ప్రశ్నలు మిగిలి ఉండగానే మొగ్గే క్షణం ఒకటి వచ్చింది. పరంజా ఎక్కే కూలీ ముందు తాళ్ల ముడులు లాగి చూస్తాడు, కర్రను ఊపి చూస్తాడు. అది అతని బాధ్యత, అలా చూడనివాడు మూర్ఖుడు. కానీ ఎంత లాగి చూసినా, పై పలక మీద పాదం మోపి బరువు వదిలే ఆ ఒక్క క్షణం పరీక్షకు బయటే ఉంటుంది. విశ్వాసమూ అంతే. ముడులు చూడనక్కరలేదనే బోధకుడూ, ముడులు చూస్తూనే జీవితమంతా కింద నిలబడిపోయే పండితుడూ ఇద్దరూ పని జరగనివ్వరు.

1933లో భక్త్‌సింగ్ దేశానికి తిరిగి వచ్చాడు. ఇంట్లో ఉండవచ్చు గాని నీ నమ్మకాన్ని గుట్టుగా ఉంచుకో అని తల్లిదండ్రులు కోరారు. ఆయన ఒప్పుకోలేకపోయాడు. వీధుల్లో బోధిస్తూ దేశమంతా తిరిగాడు. 1950లో హైదరాబాదు ముషీరాబాదులో హెబ్రోను అనే ఆరాధన కేంద్రాన్ని నెలకొల్పాడు. అక్కడ బల్లలు, కుర్చీల దొరతనం లేదు. చెప్పులు బయట విడిచి చాపల మీద కూర్చుంటారు. ఆరాధన అయ్యాక అందరూ వరుసగా కూర్చుని కలిసి భోంచేస్తారు, దాన్ని ప్రేమవిందు అంటారు. కులం అడగకుండా ఒక బంతిలో వడ్డించే అన్నం ఈ దేశంలో మామూలు సంగతి కాదు. పక్క విస్తరిని చూసి తన చోటు నిర్ణయించుకోవలసిన అవసరం లేని బంతిలో కూర్చున్నప్పుడు, ఎన్ని ఉపన్యాసాలు విన్నా వదలని అనుమానం కొంత వదులుతుంది. మోకరించడానికి తన గర్వం అడ్డుపడిన మనిషి, మరొకరి గర్వం గాని అవమానం గాని అడ్డుపడని చోటును కట్టడానికి మిగిలిన జీవితం ఇచ్చాడు.

అన్నిటికంటే కఠినమైన సందేహం దుఃఖం నుంచి వస్తుంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు. కొందరి ఆనవాళ్లు కూడా ఇంటివాళ్లకు దక్కలేదు. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. డీఎన్ఏ పరీక్ష ఫలితం కోసం ఆసుపత్రి ముందు రోజుల తరబడి నిలబడిన తల్లికి, దేవుడు మంచివాడని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? ఉద్యోగం కోసం మొక్కుకొని, ఉద్యోగం దొరికాక కృతజ్ఞత చెప్పుకొని, ఆ ఉద్యోగంలోనే బిడ్డను పోగొట్టుకున్న మనిషి ప్రశ్నకు ఏ వేదాంతమూ సరిపడే జవాబు ఇవ్వలేదు. ఇచ్చామనుకునేవాళ్లు ఆ తల్లి ముఖం చూసి ఉండరు. ఇందులో దేవుడి సంకల్పం ఉందని చటుక్కున తేల్చేయడం, మనిషి నిర్లక్ష్యానికి దైవం చేత సంతకం పెట్టించడమే అవుతుంది.

ఇక్కడ యేసు శిష్యుడైన తోమాను తలచుకోవాలి. సందేహానికి ఆయన పేరు గుర్తుగా మిగిలింది. చెన్నైలోని పరంగికొండతో ఆయనకు ముడిపెట్టే సంప్రదాయం మన పొరుగునే ఉంది. యేసు తిరిగి లేచాడని తోటి శిష్యులు చెబితే తోమా నమ్మలేదు. అయితే అతను అడిగింది ఆకాశంలో సూచన కాదు, మరో అద్భుతం కాదు. గాయాలు చూపించమన్నాడు. మేకులు దిగిన చోట వేలు పెట్టి చూస్తానన్నాడు. నిజంగా దెబ్బతిన్న మనిషి అయితేనే నా మనిషి అన్న పట్టుదల అది. క్రైస్తవం చూపే దేవుడి ప్రత్యేకత కూడా అదే. లేచి వచ్చినా ఆయన ఒంటి మీది గాయాలు మాసిపోలేదు. యంత్రంలో వేళ్లు పోయినవాళ్లు, ఆమ్లం చిమ్మి చర్మం కాలినవాళ్లు వీధికొకరున్న చోట, గాయపడ్డ దేవుడి కథ గ్రంథాల్లో కంటే దగ్గరగా తగులుతుంది. ప్రమాదం ఎందుకు జరిగిందో ఆ కథ చెప్పదు. నువ్వు ఒంటరిగా లేవని మాత్రం చెబుతుంది. ఏడుస్తున్నవాళ్లకు చాలాసార్లు మొదటి జవాబు కంటే రెండోది ఎక్కువ అవసరం.

తోమా కథలో ఇంకో సంగతి ఉంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. నమ్మనని చెప్పిన తర్వాత వారం రోజులకు కూడా అతను ఆ శిష్యుల మధ్యే ఉన్నాడు. వాళ్లు అతణ్ణి వెళ్లగొట్టలేదు, వెలివేయలేదు. అతనూ తలుపు వేసుకొని పోలేదు. వాళ్లు నమ్మినదాన్ని వాళ్లు దాచలేదు, అతను నమ్మనిదాన్ని అతను దాచలేదు. ఒకే గదిలో వారం గడిచింది. చూడవలసినదాన్ని తోమా చూసింది ఆ గదిలోనే. సువార్తల్లో ఒక తండ్రి కూడా కనిపిస్తాడు. జబ్బు పడ్డ కొడుకును తెచ్చి, తనలో నమ్మకమూ ఉంది, నమ్మలేనితనమూ ఉంది అని ఒకే ఊపిరిలో ఒప్పుకుంటాడు. ముందు ఆ లోటు సరిచేసుకొని రమ్మని యేసు అతణ్ణి వెనక్కి పంపలేదు. పిల్లవాణ్ణి బాగుచేశాడు. సగం నమ్మకంతో వచ్చినవాణ్ణి లోపలికి రానివ్వడం ఆ మతం పుట్టుకలోనే ఉంది.

ఈ మాట ఒప్పుకుంటే సంఘాల మీద బరువు పెరుగుతుంది. నూనె రాస్తే క్యాన్సరు పోతుందని, షుగరు మాత్రలు మానేసి ప్రార్థన చేయమని చెప్పేవాళ్లు నమ్మకానికి చేసే చెరుపు ఏ నాస్తికుడూ చేయలేడు. ఇచ్చిన కానుకకు పదింతలు వస్తుందని వాగ్దానం చేయడం, చిట్టీ కంపెనీ భాషను దేవుడి నోట పెట్టడమే. మెదక్‌లో, డిచ్‌పల్లిలో ఆసుపత్రులు కట్టిన పరంపర ఈ గడ్డది. ఆ వారసత్వం ఉన్నచోట వైద్యానికీ ప్రార్థనకూ తగవు పెట్టడం చరిత్రను మరిచిపోవడమే. పెళ్లిళ్ల దగ్గర మాలకూ మాదిగకూ నడుమ గీత గీసే సంఘం, ఒకే రొట్టె విరిచి పంచుకుంటామని చెబితే బయటివాడు నవ్వుకుంటాడు. కానుకల లెక్క ఏడాదికోసారి గోడ మీద అతికించే సంఘం, ప్రమాదం జరిగిన రాత్రి బాధితుడి మతం అడగకుండా ఆసుపత్రికి పరుగెత్తే సంఘం వేరే ప్రచారం చేసుకోనక్కరలేదు.

నమ్మకం కుదిరిన మనిషికి కూడా ఈ దేశంలో ఒక చిక్కు మిగిలే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం స్వీకరించిన దళితుడికి ఆ హోదా లేదు. తెలంగాణలో అతను బీసీ–సి వర్గంలో ఒక్క శాతం రిజర్వేషను కిందికి వస్తాడు. ఊరి చివరి ఇల్లు మారదు, కూలి మారదు, పక్కవాడి చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. అందుకే కొందరు ఆదివారం ఒక పేరుతో, ధ్రువపత్రంలో మరో పేరుతో బతుకుతారు. బయటివాళ్లు వాళ్లను మోసగాళ్లంటారు, లోపలివాళ్లు పిరికివాళ్లంటారు. పిల్లల చదువుకూ తన మనస్సాక్షికీ నడుమ నలిగే తండ్రి మీద ఈ రెండు మాటలూ విసరడం తేలిక. అతని స్థానంలో నిలబడి ఒక్క పూట ఆలోచించడం మనుషుల పని. మత స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణంలో మనస్సాక్షి స్వేచ్ఛగా చెప్పింది. నమ్మే హక్కు, నమ్మకుండా ఉండే హక్కు, నెమ్మదిగా తేల్చుకునే హక్కు మూడూ అందులోనే ఉన్నాయి. ఒత్తిడి ఏ పక్కనుంచి వచ్చినా, లోపలికి రమ్మని వచ్చినా వెనక్కి పొమ్మని వచ్చినా, అది ఆ హక్కు మీద దెబ్బే.

సందేహంలో ఉన్నవాళ్లకు మేం చెప్పేది కొంచెమే. మీ ప్రశ్నలకు సిగ్గుపడకండి. లెక్కలు అడగండి, మనుషులను గమనించండి, పుస్తకాన్ని స్వయంగా చదవండి. ఎవరి తొందరకూ తలవంచకండి. అన్నీ చూశాక మనసు మొగ్గితే మాత్రం, నలుగురు ఏమనుకుంటారోనన్న బెరుకుతో ఆగిపోకండి. మొగ్గకపోతే, నమ్మినవాళ్లను చిన్నచూపు చూడకండి. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, అద్దె గదుల్లో బతుకుతూ, యంత్రాల మధ్య ఎనిమిది గంటలో పన్నెండు గంటలో నిలబడేవాళ్లకు తమను పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి కావాలి. విశ్వాసం చాలామందికి ఆ చోటును ఇచ్చింది.

నమ్మినవాళ్లకు చెప్పేది ఇంకొంచెం కఠినంగా ఉంటుంది. కరువులో పదిహేను నెలలు ఆగిన ఓపిక, పనికి తగిన ముద్ద పెట్టిన మర్యాద, తాకరాదన్న ఒంటిని కడిగిన ధైర్యం, కులం అడగని బంతి. తెలుగు నేల మీద క్రైస్తవాన్ని నమ్మించినవి ఇవి. వీటిలో ఏ ఒక్కటీ మైకులో చెప్పి సాధించినది కాదు. సంఘాలు పెరిగాయా అన్నది ఏటా లెక్కిస్తున్నారు. ఇంటి తాళం చెవి అప్పగించి ఊరికి పోగలిగినంత నమ్మదగిన మనుషులు మన సంఘంలో ఎందరున్నారు అన్నది కూడా లెక్కించాలి. నమ్మదగిన పొరుగువాడు ఉన్న వీధిలో నమ్మదగిన దేవుడి మాటకు వినేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అలాంటి పొరుగువాళ్లుగా బతకడమే ఈ పారిశ్రామికవాడలో విశ్వాసులు చేయగల బోధల్లోకెల్లా పెద్దది, మిగిలిన బోధలన్నీ దాని తర్వాతే.